తెరమీది బొమ్మకు తూనిక – జేమ్స్ ఏజీ సినిమా విమర్శ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయపు రజతోత్సవ సభలో పురాణమును గూర్చియో, ప్రబంధమును గూర్చియో, అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారలు నడపిన గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగము జరుగుట పరిపాటి. సినిమాను గూర్చి, అందును అమెరికా సినిమాలను గూర్చి, ఆ సినిమాలపై ఒక విమర్శకుడు వెలిబుచ్చిన అభిప్రాయములను గూర్చి ప్రసంగ మేమని పెద్దలు కొందరు కనుబొమలు ముడివేయవచ్చును. అది న్యాయమైన సందేహమే. పుస్తకములకై కట్టిన ఇంటిలో తెరబొమ్మల ముచ్చట యెందులకు?

ఈ సందేహమునకు సమాధానము ఈ ప్రాంతముననే ఉన్నది. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఒకే రైలుదారిమీది ఊళ్లు. ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు తరతరములుగా నివసించుచున్నారు. తోలును పలుచన చేసి, రంగులద్ది, తెరవెనుక దీపము నిలిపి, రామాయణ భారతములను వారు రాత్రుల కొలది ఆడించిరి. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి ఆలయపు పైకప్పుమీద పదునారవ శతాబ్దపు చిత్రకారులు కిరాతార్జునీయ కథను ఘట్టము వెంట ఘట్టముగా చిత్రించిరి. తల పైకెత్తి మెల్లగా నడచుచు చూచువానికి కథ తనతో పాటు కదలుచున్నట్లే తోచును. కనుక బొమ్మల వరుసతో కథ చెప్పుట ఈ సీమ జనులకు క్రొత్త విద్య కాదు. బొమ్మలాట ముగిసిన మరునాడు రచ్చబండ మీద కూర్చుండి, ఏ బొమ్మ చక్కగా ఆడినది, ఏ పాట శ్రుతి తప్పినది అని తీర్పు చెప్పిన తాతలు ప్రతి యూరను ఉండిరి. వారు విమర్శకులన్న పేరు పెట్టుకొనలేదు, అంతే.

సినిమా వచ్చిన తర్వాత ఆ రచ్చబండ తీర్పు పలుచబడినది. బొమ్మలాట ఆడువాడు ఊరివాడు, చూచువాడును ఊరివాడే. మెచ్చినను, తప్పు పట్టినను ఆతని చెవిని పడును. సినిమా యెక్కడనో తయారై, పెట్టెలో వచ్చి, పెట్టెలో పోవును. చూచినవాని మాట దానిని చేరదు. అందుచేత చూచువాడు మెల్లమెల్లగా తన తీర్పునకు విలువ లేదనుకొన నారంభించెను. బాగున్నది, బాగులేదు అన్న రెండు మాటలతోనే ఊరకుండుట అలవాటైనది. ఈ అలవాటు మంచిది కాదని నమ్మి, చూచువాని తీర్పునకు సాహిత్యములో ఒక పీట వేయించిన వ్యక్తి అమెరికాలో ఒకడుండెను. అతని పేరు జేమ్స్ ఏజీ.

ఏజీ 1909లో టెన్నెసీ రాష్ట్రపు నాక్స్‌విల్ నగరమున జన్మించెను. తెలుగునాట సినిమాలను గూర్చి నిశితమైన వ్యాసములు వ్రాసిన కొడవటిగంటి కుటుంబరావు గారును ఆ సంవత్సరమే తెనాలిలో జన్మించిరి. ఏజీకి ఆరేండ్ల వయస్సున తండ్రి మోటారుకారు ప్రమాదములో మరణించెను. ఆ దుఃఖమునే తర్వాత ఆయన నవలగా వ్రాసెను. ఆ నవల ఆయన చనిపోయిన పిదప 1957లో వెలువడి, 1958లో పులిట్జర్ బహుమతి పొందినది.

విమర్శకుడు కాకమునుపు ఏజీ చేసిన ఒక పనిని ఈ కరవుసీమ పాఠకులు తెలిసికొనవలెను. 1936 వేసవిలో ఒక వ్యాపార పత్రిక ఆయనను, వాకర్ ఎవాన్స్ అను ఛాయాగ్రాహకుని అలబామా రాష్ట్రపు పల్లెలకు పంపెను. పాలికి ప్రత్తి సేద్యము చేయు పేద కౌలురైతుల కుటుంబములు మూడింటిని గూర్చి వ్యాసము వ్రాయుట వారి పని. ఏజీ ఆ యిండ్లలో బసచేసెను. గోడ పలకల సందులు, అరిగిన చెప్పులు, వంటపాత్రలు, ప్రత్తి యేరు వేళ్ల నొప్పి, దేనినీ వదలక వ్రాసెను. పత్రిక ఆ వ్యాసమును ప్రకటింపలేదు. అది పెరిగి 1941లో పుస్తకమైనది. తొలి ముద్రణలో కొన్ని వందల ప్రతులు మాత్రమే అమ్ముడుపోయినవి. 1960లో మరల అచ్చైనపుడు గాని దేశము దాని విలువ గుర్తింపలేదు. పేదవాని యింటిని చూచునపుడు చూచువాని కంటికి ఎంత బాధ్యత ఉండవలెనో ఆ పుస్తకమున ఆయన తన్ను తాను ప్రశ్నించుకొనెను. సినిమాలను చూచినపుడును ఆయన ఆ కంటితోనే చూచెను.

1942 చివర ఏజీ 'ది నేషన్' అను వారపత్రికలో తన పేరుతో సినిమా విమర్శ వ్రాయ నారంభించెను. 'టైమ్' పత్రికలో పేరు లేకుండ వ్రాయుచుండుట అదనము. మొదటి వ్యాసములోనే తన స్థితిని ఆయన దాపరికము లేక చెప్పుకొనెను. తాను చిన్ననాటినుండి సినిమాలు చూచుచు, వానిని గూర్చి ఆలోచించుచు, మాటాడుచు వచ్చినవాడే గాని, వాని తయారీని గూర్చి తనకు తెలిసినది బహుస్వల్పమనియు, కనుక చదువరి ఎట్టివాడో తానును అట్టి ఔత్సాహికుడనే యనియు దాని సారాంశము. పండితుడను, వినుడు అని ఆయన అనలేదు. చూచినవాడను, చూచినవానితో మాటాడుచున్నాను అనెను. ఈ వినయము వెనుక ఒక ధైర్యము కలదు. సాంకేతిక విద్య తెలియనివానికిని, శ్రద్ధగా చూచినచో, తీర్పు చెప్పు హక్కు ఉన్నదని దాని యర్థము. 1944లో డబ్ల్యు. హెచ్. ఆడెన్ అను ప్రసిద్ధకవి, తనకు సినిమాలపై ఆసక్తి లేకున్నను ఏజీ వ్యాసములకై ఎదురుచూతునని ఆ పత్రికకు లేఖ వ్రాసెను.

రెండవ ప్రపంచ యుద్ధము 1945లో ముగిసినది. ఆ తరువాతి రెండు మూడేండ్ల హాలీవుడ్ చిత్రములపై ఏజీ వెలిబుచ్చిన అభిప్రాయములే ఈ ప్రసంగమునకు ముఖ్యవస్తువు. ఆ కాలపు అమెరికా చిత్రములకు 1934 నుండి గట్టిగా అమలైన ఒక నియమావళి ఉండెను. ఏది చూపవచ్చును, ఏది చూపరాదు, పాపమునకు శిక్ష ఎట్లు పడవలెను అనునవి ముందే నిర్ణయమై ఉండెడివి. 1947లో చిత్రరంగములోని రాజకీయాభిప్రాయములపై అమెరికా కాంగ్రెసు సంఘము విచారణ జరిపినది. సమాధానము చెప్ప నిరాకరించిన పదిమందికి జైలుశిక్ష పడి, పని దొరకుట దుర్లభమైనది. ఇన్ని కట్టుబాట్లలో ఒక చిత్రము ఎంత నిజము చెప్పగలదు? ఏజీ ప్రతి చిత్రమును ఈ ప్రశ్నతోనే ఎదుర్కొనెను.

మొదటిది 1946లో విలియం వైలర్ దర్శకత్వమున వచ్చిన 'ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్'. జీవితములోని శ్రేష్ఠమైన సంవత్సరములు అని పేరునకు అర్థము. యుద్ధమునుండి ముగ్గురు ఒకే ఊరికి తిరిగివత్తురు. ఒకడు బ్యాంకి ఉద్యోగి. రెండవవాడు విమానమునుండి బాంబులు వేసి పతకములు పొందినవాడు. ఊరిలో అతనికి దొరకునది మందుల దుకాణములో వెనుకటి చిన్న కొలువే. మూడవవాడు రెండు చేతులు పోగొట్టుకొన్న నావికుడు. చేతులకు బదులు ఇనుప కొక్కెములు. ఈ పాత్రను ధరించిన హెరాల్డ్ రస్సెల్ నటుడు కాడు. సైన్యములో పేలుడువలన నిజముగానే రెండు చేతులు పోగొట్టుకొన్నవాడు. ఒకే పాత్రకు రెండు ఆస్కార్ బహుమతులు పొందినవాడు ఆతడొక్కడే.

ఈ చిత్రములో బ్యాంకి ఉద్యోగి వద్దకు ఒక మాజీ సైనికుడు వచ్చి, నలువది ఎకరముల పొలము కొనుటకు అప్పు అడుగును. కుదువ పెట్టుటకు అతనివద్ద ఏమియు లేదు. పనిచేయు చేతులే అతని ఆస్తి. ఉద్యోగి ఆ చేతులను నమ్మి అప్పు మంజూరు చేయును, పైవారు ఆక్షేపింతురు. పరపతి సంఘపు మెట్లు ఎక్కి దిగిన వేరుశనగ రైతునకు ఈ ఘట్టమును ఎవరును వివరింప నక్కరలేదు. ఏజీ ఈ చిత్రములో ఎన్నో తప్పులు పట్టెను. గట్టి ప్రశ్నను లేవదీసి, దానిని చివరివరకు ఎదిరింపక, మెత్తని మాటలతో దాటవేయుట అందులో ముఖ్యమైన దోషమని ఆయన అభిప్రాయము. చిత్రమంతయు ఒక భక్తిపూర్వకమైన ఆత్మవంచన యనవచ్చునన్నంతవరకు పోయెను.

అయినను ఆయన అంతటితో ఆగలేదు. అక్కడనే ఆయన గొప్పతనము తెలియును. తప్పులన్నియు చెప్పిన తర్వాత, అమెరికా చిత్రశాలలనుండి చాల ఏండ్లకు వచ్చిన బహుకొద్ది మంచి చిత్రములలో ఇది యొకటి యనియు, ఇది హృదయమును కదలించి ధైర్యము నిచ్చునదనియు వ్రాసెను. వైలర్‌ను గొప్ప దర్శకులలో ఒకనిగా ఎన్నెను. గ్రెగ్ టోలండ్ ఛాయాగ్రహణమును ప్రత్యేకముగా మెచ్చుకొనెను. టోలండ్ పనితనమునకు ఒక ఉదాహరణము చాలును. ఒక పానశాలలో చేతులు లేని నావికుడు కొక్కెములతో పియానో వాయించుచుండును. అది దగ్గర కనబడును. దూరమున, గది మూలలో, విమానవీరుడు టెలిఫోనులో తన ప్రేమను త్రెంచుకొనుచుండును. దగ్గరిది, దూరపుది రెండును స్పష్టముగా ఒకే బొమ్మలో ఉండును. ఇటు చూడుమని దర్శకుడు చెప్పడు. చూచువాడే వెదకి చూడవలెను. సంతలో ఒక మూల బేరము, మరొక మూల కన్నీరు ఒకే సమయమున జరుగునట్లే యిదియును. చూచువాని బుద్ధిని నమ్మిన చిత్రణమిది.

తప్పు చెప్పుట, మెచ్చుట అను రెండింటిని ఒకే వ్యాసములో నిలుపుట సులభము కాదు. తప్పు చెప్పినవాడు శత్రువనియు, మెచ్చినవాడు భజనపరుడనియు జనులు తలతురు. ధర్మవరపు పట్టుచీర కొనునపుడు అనుభవజ్ఞురాలైన గృహిణి ఏమి చేయును? పైవైపు మెరుపు చూచి, చీరను తిరగవేసి అడుగువైపు పోగులను చూచును. ఒకచోట పోగు తెగియున్నదని చెప్పును; అంచు పనితనము అద్భుతమనియు చెప్పును. రెండును నిజమే. నేతగాడు కూడ ఆమె మాటనే గౌరవించును, చూడకయే ఆహా అన్నవారి మాటను కాదు.

రెండవ చిత్రము ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'. అద్భుతమైన జీవితమని అర్థము. జార్జ్ బెయిలీ అనునతడు చిన్న ఊరిలో ఇండ్లు కట్టుకొను పేదలకు అప్పులిచ్చు చిన్న సంస్థను నడపుచు, తన కోరికల నన్నింటిని వదలుకొనును. ఊరి ధనవంతుడు పాటర్ ఆ సంస్థను మింగివేయ జూచును. ఎనిమిదివేల డాలర్లు పోయి, జైలు తప్పదన్న రాత్రి జార్జ్ చావబోగా, ఒక దేవదూత దిగివచ్చి, అతడు పుట్టకయున్నచో ఊరెట్లుండెడిదో చూపును. కడపట ఊరివారందరు తలా కొంత డబ్బు తెచ్చి అతని బల్లమీద పోయుదురు.

ఇది చూచి కన్నీరు పెట్టనివారు అరుదు. ఏజీయును కదిలెను, కదిలినట్లు ఒప్పుకొనెను. కాని ఆ కన్నీటిని కూడ ఆయన ప్రశ్నించెను. ఈ చిత్రము హృదయమును బలముగా పట్టుకొనుటకై చల్లగా ఆలోచించు బుద్ధిని ప్రక్కకు త్రోసివేయుచున్నదని ఆయన వ్రాసెను. అయినను చూడదగినదనియే తీర్పు చెప్పెను. ఈ చిత్రములో పాటర్ దొరికిన డబ్బును దాచుకొనును. కడవరకు అతనికి శిక్షయు లేదు, ఆ డబ్బు తిరిగి వచ్చుటయు లేదు. ఊరివారి దయ మోసమును కప్పివేసినదే గాని తొలగింపలేదు. కంటినీరు తుడుచుకొన్న తర్వాత ఈ మాట జ్ఞాపకమునకు తెచ్చుకొనువాడే విమర్శకుడు. విడుదలైనపుడు ఈ చిత్రము పెట్టిన పెట్టుబడిని రాబట్టలేదు. 1974లో దాని స్వత్వమును పునరుద్ధరింపక పోవుటచేత టెలివిజను కేంద్రములు ఏటేట ప్రదర్శింప, అది క్రిస్మసు పండుగ చిత్రమై నిలిచినది.

ఈ కాప్రా భారతదేశమునకు వచ్చెను. 1952 జనవరిలో బొంబాయిలో భారతదేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము జరిగినపుడు అమెరికా ప్రతినిధిగా ఆయన హాజరయ్యెను. ఆ ఉత్సవముననే తెలుగు చిత్రము 'పాతాళభైరవి' ప్రదర్శితమైనది. దాని దర్శకులు కె. వి. రెడ్డి గారు ఈ సీమవారే. తాడిపత్రి ప్రాంతమున 1912లో జన్మించిరి. ఆ చిత్రనాయకులు నందమూరి తారకరామారావు గారు తర్వాత 1985, 1989, 1994 శాసనసభా ఎన్నికలలో హిందూపురమునుండి గెలిచిరి. షేక్‌స్పియర్ లియర్ రాజు కథ చాయలతో 'గుణసుందరి కథ'ను, ఇబ్సెన్ నాటకమును ఆధారము చేసికొని 'పెద్దమనుషులు' చిత్రమును కె. వి. రెడ్డి గారు తెలుగు నేలకు తగినట్లు మలచిరి. దూరదేశపు సరకును ఇంటి తూనికతో తూచి, కావలసినది పుచ్చుకొని, తక్కినది వదలుటయే అందలి నేర్పు. విమర్శకుని పనియు అట్టిదే.

మూడవది 1947 ఏప్రిలులో వచ్చిన చార్లీ చాప్లిన్ చిత్రము 'మొస్యూ వెర్దూ'. నవ్వించు బిచ్చగాని వేషమును చాప్లిన్ ఇందులో పూర్తిగా వదలిపెట్టెను. ముప్పది ఏండ్లు బ్యాంకిలో గుమాస్తాగా పనిచేసి, ఆర్థికమాంద్యములో ఉద్యోగము పోగొట్టుకొన్నవాడు వెర్దూ. కదలలేని భార్యను, చిన్నకుమారుని పోషించుటకై అతడు డబ్బుగల స్త్రీలను పెండ్లాడి చంపుట వ్యాపారముగా పెట్టుకొనును. కథ క్రూరమైనది, చిత్రము హాస్యము. ప్రేక్షకులకు ఏమి చేయవలెనో తోచలేదు. పత్రికలు విరుచుకుపడినవి.

న్యూయార్కులో చాప్లిన్ పత్రికలవారి సమావేశము జరిపినపుడు, చిత్రమును గూర్చి అడిగినవారికన్న, ఆయన రాజకీయములను గూర్చి, అమెరికా పౌరసత్వము ఎందుకు తీసికొనలేదని అడిగినవారే మిక్కుటము. ఆ సభలో వణుకుచున్న గొంతుతో లేచి ఏజీ చాప్లిన్ పక్షమున మాటాడెను. స్వేచ్ఛకు పేరుపడిన దేశములో ఒక కళాకారుని అంతరంగమును ఈవిధముగా త్రవ్వి చూచుట న్యాయమా యని ఆయన ఆవేదన. తర్వాత 'ది నేషన్'లో మూడు భాగములుగా దీర్ఘవ్యాసము వ్రాసెను. వ్యాపారములో కాఠిన్యము, ఇంటిలో మార్దవము అని మనుష్యుడు తన్ను తాను రెండుగా చీల్చుకొని, ఇంటివారి కోసమే చేయుచున్నానని సమాధానపడుట యీ కాలపు వ్యాధి యనియు, వెర్దూ దానికి ప్రతిరూపమనియు ఆయన వ్యాఖ్యానించెను. 1952లో చాప్లిన్ లండనుకు ఓడ ఎక్కిన వెంటనే అమెరికా ప్రభుత్వము ఆయన పునఃప్రవేశపు అనుమతిని రద్దు చేసెను. 1972లో గౌరవ ఆస్కార్ బహుమతి అందుకొనుటకు ఆయన మరల అచట అడుగుపెట్టెను.

నలుగురు నవ్విన చిత్రమును నవ్వుట, నలుగురు తిట్టిన చిత్రమును తిట్టుట విమర్శ కాదు. అందరు ఒకవైపు నిలిచినపుడు రెండవవైపున ఏమున్నదో పోయి చూచుట విమర్శ. ఏజీ చూచెను. ఆయన తీర్పును ఒప్పుకొననివారికిని ఆయన సాహసము ఒప్పుకొనదగినదే.

నాలుగవది జాన్ హ్యూస్టన్ 1948లో వెలువరించిన 'ది ట్రెజర్ ఆఫ్ ది సియెర్రా మాద్రే'. మెక్సికో కొండలలో బంగారము వెదకిన ముగ్గురి కథ. ఒక ముదుసలి, ఇద్దరు పడుచువారు. బంగారము దొరకువరకు వారు స్నేహితులు. దొరికినపిదప ఒకని మనస్సులో అనుమానము పురుగువలె చేరి తొలుచును. కడపట బంగారమేమో తెలియని దొంగలు సంచులు కోసి పారవేయగా, గాలి ఆ ధూళిని పుట్టిన కొండకే తీసికొని పోవును. ముదుసలి పగలబడి నవ్వును. గని విడిచి పోవునపుడు, త్రవ్విన కొండ గాయమును పూడ్చి పోవలెనని పట్టుబట్టినవాడును ఆ ముదుసలియే. ఆ పాత్రను దర్శకుని తండ్రి వాల్టర్ హ్యూస్టన్ ధరించెను; తండ్రికొడుకులిద్దరికి ఆస్కార్ బహుమతులు లభించినవి. మాటలు రాని సినిమాల కాలపు శ్రేష్ఠ చిత్రములతో సరితూగి జనుల జ్ఞాపకమున నిలుచు కొద్ది చిత్రములలో ఇది యొకటి యని ఏజీ నిశ్చయము.

పెనుకొండ ధర్మవరముల మధ్య రామగిరి కలదు. అచట భూమినుండి బంగారము త్రవ్విరి; గనులు మూతపడినవి; మరల తెరచిరి; మరల మూతపడినవి. ఇప్పుడు రామగిరి కొండలమీద గాలిమరలు తిరుగుచున్నవి. బంగారము పోయిన చోట గాలి మిగిలినది. ఈ చిత్రములోని ముదుసలి నవ్వును న్యూయార్కు ప్రేక్షకుడు కథగా చూచును. రామగిరి త్రోవను పశువులు తోలుకొనిపోవువాడు ఇరుగుపొరుగు ముచ్చటగా చూడగలడు. అతనికి తెలిసినది ఏజీకిని తెలియదు.

ఏజీ లోపములు లేనివాడా? కాదు. 1950లో హ్యూస్టన్‌ను గూర్చి 'లైఫ్' పత్రికలో ప్రశంసావ్యాసము వ్రాసి, పిమ్మట ఆయనకే 'ది ఆఫ్రికన్ క్వీన్' చిత్రమునకు రచన చేసెను. మెచ్చినవానివద్ద కొలువునకు చేరిన విమర్శకుని తీర్పులో మొగ్గు ఉండదా యని అడుగువారు అడుగవచ్చును. అడుగవలెను కూడ. వెర్దూ విషయములో, హంతకుని వెనుకనున్న సంఘదోషమును చూపుటలో పడి, చంపబడిన స్త్రీలను గూర్చి ఆలోచించుటకు తగినంత చోటు ఉంచలేదని చదువరికి తోచవచ్చును.

ఇంతకన్న బరువైన ప్రశ్న ఒకటి ఉన్నది. ఏజీ ఎంతో ప్రేమతో వర్ణించిన అలబామా కౌలురైతుల సంతానములో కొందరు పిమ్మట ఆ పుస్తకముపై ఆగ్రహము తెలిపిరి. తమ తల్లిదండ్రుల బీదతనము లోకమునకు చూపబడినదే గాని, తమ్ము అడిగినవారు లేరని వారి బాధ. ఏజీ వారి పేర్లు మార్చి వ్రాసెను. తనకు ఈ పనికి హక్కున్నదా యని పుస్తకమున పదేపదే వగచెను. అయినను ఆ బాధ తీరలేదు. ఎంతటి సత్యసంధుడైనను, బయటినుండి వచ్చినవాడు చూచినది సగమే. తక్కిన సగము చూడబడినవానివద్ద ఉన్నది. వాడు నోరు విప్పనిచో ఆ సగము ఎన్నటికిని లోకమునకు తెలియదు.

ఈ ఉపన్యాసమునకు ఇదియే కీలకము. కరవును గూర్చి, వలసను గూర్చి, మగ్గమును గూర్చి, అప్పును గూర్చి సినిమాలు వచ్చుచున్నవి, ఇకముందును వచ్చును. అందులో మగ్గము సరిగా ఆడినదా యని చెప్పగలవాడు ధర్మవరపు నేతగాడు. వాన తప్పిన ఏడు వేరుశనగ చేను ఎట్లుండునో చెప్పగలవాడు పెనుకొండ మెట్టరైతు. బెల్లపు మండీలో బేరము ఎట్లు సాగునో, తూనిక ఎచట తగ్గునో చెప్పగలవాడు హిందూపురపు హమాలి. ఈ ముగ్గురు మౌనముగా నున్నచో, పట్టణపు పత్రికలో వచ్చిన తీర్పే తుదితీర్పగును. ఏ నగరవాసియో పేదరికమును అందముగా చూపినందుకు మరొక నగరవాసి మెచ్చుకొనును. చూపబడినవాడు టిక్కెట్టు కొని, చూచి, ఇంటికి పోవును.

బెల్లము కొను వ్యాపారి దిమ్మ పైరంగును నమ్మడు. ఒక మూల విరిచి, నాలుకకు తాకించి, ఆపై ధర చెప్పును. సినిమా విమర్శకును అంతకన్న గొప్ప రహస్యము లేదు. ఏజీ వ్యాసములనుండి గ్రహింపదగిన పరీక్షలు మూడు. చిత్రములోని మనుష్యుల పనిపాటలు, మాటలు, బాధలు తెలిసినవాని కంటికి నిజమనిపించుచున్నవా? లేవదీసిన కష్టమునకు చిత్రము న్యాయముగా సమాధానము చెప్పినదా, లేక పాటతోనో కన్నీటితోనో కప్పివేసినదా? దర్శకుడు చూచువాని బుద్ధిని గౌరవించెనా, లేక త్రాడు కట్టి లాగుకొనిపోయెనా? ఈ మూడింటికి చదువు ఎంత యని అడుగువారు లేరు. శ్రద్ధ ఉన్నదా యన్నదే ప్రశ్న.

ఏజీ 1955 మే 16వ తేదీన న్యూయార్కులో టాక్సీలో పోవుచు గుండె ఆగి మరణించెను. అప్పటికి ఆయనకు నలుబదియైదేండ్లు. వారపత్రికలలో చెదరియున్న ఆయన సినిమా విమర్శలను 1958లో గ్రంథముగా కూర్చిరి. వారము వారము చూచి, వారము వారము వ్రాసి, చదివి పారవేయుదురని తెలిసియు నిజము వ్రాసినందున అవి మిగిలినవి. ఎవరో వానిని కాపాడి కూర్చినందున అవి గ్రంథాలయములకు చేరినవి. ఈ రెండవ పని లేనిచో మొదటి పని మట్టిలో కలిసెడిది.

కనుక గ్రంథాలయమునకు ఈ రజతోత్సవ సందర్భమున ఒక చిన్న సూచన. పత్రికలు చదువు బల్లమీద ఒక లెక్కల పుస్తకమంత పుస్తకమును తెల్లకాగితములతో ఉంచవలెను. సభ్యులలో ఎవరు ఏ చిత్రము చూచినను, అది తెలుగుదైనను పరదేశపుదైనను, తేదీ వేసి, తమ తీర్పును పది పంక్తులలో వ్రాయవలెను. వ్రాయ రానివారు చెప్పగా చదువుకొన్న పిల్లలు వ్రాయవలెను. మెచ్చినది ఎందుకు మెచ్చిరో, తప్పనిపించినది ఎక్కడ తప్పో కారణము తప్పక ఉండవలెను. ఒకరు వ్రాసినదానిని మరొకరు కొట్టివేయరాదు. క్రింద తమ మాట వ్రాయవచ్చును. ఇందులకు అయ్యెడి ఖర్చు ఒక పుస్తకము, ఒక కలము.

ఇరువదియైదేండ్లు ఇతరులు వ్రాసిన పుస్తకములను భద్రపరచిన బీరువాలో ఈ ఊరి తీర్పునకును ఒక అర దొరకుగాక. స్వర్ణోత్సవము నాటికి ఆ పుస్తకమును తెరచువారికి, ఈ ఊరివారు ఏమి చూచిరో మాత్రమే కాదు, ఎట్లు చూచిరో కూడ తెలియును.

స్వస్తి.